ఉండిపోయిన కారణం

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?" అని మేడమ్ అడిగితే పెయింటరు ఆలోచించకుండా "ఇద్దరం" అన్నాడు.

పురపాలక కార్యాలయం మేడమీది హాల్లో, ఊరి లెక్క తీయడానికి కుదిర్చిన వాళ్ళందరికీ ఆ రోజు పాఠం. పాఠం చెప్పే మేడమ్ వయసులో చిన్నది, ఓపికలో పెద్దది. ఎవరో ఒకరిని నిలబెట్టి, వాళ్ళ ఇంటినే ఉదాహరణగా తీసుకుని ప్రశ్నలన్నీ అడుగుతానంది. ముందు వరసలో కూర్చున్న పాపానికి పెయింటరు దొరికాడు.

"మీరు కాక ఇంకెవరు?"

"మా ఆవిడ."

"ఆవిడ ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారా?"

"లేదండీ. వాళ్ళ అక్కగారింట్లో ఉంది, రైలు గేటు అవతల. అక్కగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే చూసుకోవడానికి వెళ్ళింది."

"అయ్యో, ఎప్పుడు?"

పెయింటరు మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కని పైకి చెప్పడానికి సిగ్గేసింది. "మూడేళ్ళవుతోందండీ," అన్నాడు.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నల్లబల్ల మీద తను వేసిన రెండు అంకెని అరచేత్తో తుడిచేసి, అక్కడే ఒకటి వేసింది.

"ఆరు నెలలు దాటి ఎవరు ఎక్కడ ఉంటే అక్కడి మనిషేనండీ. ఆవిడ లెక్క అక్కడ పడుతుంది. మీ ఇంట్లో మీరొక్కరే."

"తాత్కాలికంగా వెళ్ళిందండీ. వచ్చేస్తుంది."

"వచ్చాక పై లెక్కలో చూద్దాం," అంది మేడమ్ మెత్తగానే. పై లెక్కంటే మళ్ళీ పదేళ్ళకి.

పెయింటరు కూర్చున్నాడు. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో అతని బుర్రకెక్కలేదు. నల్లబల్ల మీద ఆ ఒకటి, ఎవరూ చెరపకపోవడంతో, పాఠం అయిపోయే దాకా అలాగే నిలబడి ఉంది. ఊళ్ళో వాళ్ళు తనని ఒంటికాయ సొంటికొమ్ము అని వెనకాల అనుకోవడం అతనికి తెలుసు. అనుకునేవాళ్ళు అనుకోనీ అని ఊరుకున్నాడు. ఇలా అంకె వేసి చూపిస్తే మాత్రం గుండె కలుక్కుమంది.

ఈ పని అతనికి వచ్చింది చేతిరాత పుణ్యాన. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు అతని కుంచె కింద పుట్టినవే. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డు రాయించుకునేవాళ్ళు కరువయ్యారు. బూట్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక బోర్డు పెట్టుకోవడానికి దుకాణాలే కరువయ్యాయి. ఇప్పుడు ఊరికి కొత్త మోజు పుట్టింది. జనాభా ఒక గీత దాటితే మన ఊరు ఊరు కాదు, నగరం. నగరమైతే నిధులు వస్తాయి, నిధులొస్తే రోడ్లొస్తాయి, రోడ్లొస్తే వెళ్ళిపోయిన వాళ్ళంతా తిరిగొస్తారు. పోయినసారి ఆ గీత వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఈసారి తప్పదన్న నమ్మకంతో, ఊరి మొదట్లో 'నగరానికి స్వాగతం' అని రాయించడానికి పెద్ద రేకొకటి ముందే తెప్పించి కార్యాలయం వరండాలో గోడకి ఆనించారు. రాసేది నువ్వేనయ్యా అని పెయింటరుకి మాట కూడా ఇచ్చారు. ఈలోగా ఇంటింటికీ నంబరు వేసి, ఆ ఇంటివాళ్ళ వివరాలు రాసుకు రావాలి. రెండు పనులకీ ఒకే మనిషి దొరికాడని వాళ్ళ సంబరం.

ఏ వీధులు కావాలని మేడమ్ అడిగితే పెయింటరు గొంతు సవరించుకుని, "గేటు అవతలివి ఇవ్వండి," అన్నాడు. "అక్కడి బోర్డులన్నీ నేను రాసినవే. అందరూ తెలిసినవాళ్ళు."

అది నిజమే. కానీ మేడమ్ అతని మొహంలోకి ఒకసారి చూసి, కాగితం మీద ఆ వీధుల ఎదురుగా అతని పేరు రాసింది. "మీ సొంత ఇల్లు కూడా మీరే రాసుకోండి," అంది.

"అది ఆఖర్న రాస్తానండీ," అన్నాడతను.

మర్నాటి నుంచి పని మొదలైంది. తలుపు పక్కన గోడని గుడ్డతో తుడిచేవాడు. సుద్ద పూసిన దారాన్ని రెండు చివరలా బిగించి, మధ్యలో వేళ్ళతో లాగి వదిలితే టప్పున తెల్లగీత పడేది. ఆ గీత మీద ఎర్ర ఎనామిల్‌తో అంకెలు. లావు కుంచెతో ఒంపు తిప్పి, చివర సన్న కుంచెతో సరిచేయాలి. సన్నది చేతిలో ఉన్నంతసేపూ లావుది పళ్ళ మధ్య ఉంటుంది. గురువుగారి దగ్గర అక్షరాల కంటే ముందు అబ్బిన విద్య అదే. అంకె పూర్తయ్యే దాకా ఊపిరి బిగబట్టేవాడు. ఎవరేం అడిగినా జవాబు ఒక్కటే, "ఊఁ."

నంబరు అయ్యాక చేతులు తుడుచుకుని, కాగితాల అట్ట తీసి, అరుగు మీదో గుమ్మంలోనో కూర్చునేవాడు. మనుషులున్న ఇళ్ళ కంటే తాళాలున్న ఇళ్ళు ఎక్కువగా కనబడుతున్నాయనిపించింది. తాళం ఉన్న తలుపు మీద సుద్దతో 'తాళం' అని రాయాలని నియమం. మొదటి వీధిలో ఆ మాటని ముచ్చటపడి రాశాడు, 'ళ'కి చక్కని పొట్ట పెట్టి, 'తా'కి దీర్ఘం తీర్చి. వీధులు గడిచేకొద్దీ ముచ్చట పోయింది. పక్కింటివాళ్ళని అడిగితే అందరూ ఒకటే మాట: "వచ్చేస్తామనే వెళ్ళారండీ." వాకిట్లో ఎండిపోయిన పూలకుండీ, కిటికీ చువ్వల మధ్య వదిలేసి పోయిన దువ్వెన చూస్తే, నిజంగానే వచ్చేస్తామని వెళ్ళినట్టు ఉండేది.

మనుషులున్న ఇళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. బూట్ల ఫ్యాక్టరీ పోయాక ఆ వీధుల్ని నిలబెట్టింది స్కూలు చొక్కాలు. కుట్టిన చొక్కాలు మూటలుగా వస్తాయి. వాటికి కాజాలు కుట్టి, గుండీలు వేసి, మడతపెట్టి పంపాలి. ఏ గదిలోకి తొంగిచూసినా మోకాళ్ళ మీద తెల్ల చొక్కాయే.

"ఏం పని చేస్తారమ్మా?" అని అడిగేవాడు.

"ఏముంది, ఊరికే కూర్చుంటాం," అనేవాళ్ళు, సూది ఆపకుండానే.

మొదట అలాగే రాశాడు. రెండో పూటకి చెయ్యి రాలేదు. "ఊరికే కూర్చుంటే ఈ కాజాలు ఎవరు కుట్టారమ్మా, ఎలకలు కుట్టాయా?" అన్నాడు ఒక ముసలావిడతో. ఆవిడ సూది ఆపి, అప్పుడే చూసినట్టు ఒళ్ళోని చొక్కా వైపు చూసుకుంది. "ఇది పనని ఎవరన్నారు? ఖాళీగా ఉంటే తోచక..." అంది. ఆవిడ వేళ్ళ చివర చర్మం సూది పొడిచి పొడిచి గట్టిపడిపోయింది. పెయింటరు వెనక్కి వెళ్ళి పాత కాగితాలన్నీ దిద్దుకున్నాడు. ఎవరు చేసినా చెయ్యనట్టే అనిపించే పనులు కొన్ని ఉంటాయని, తన ఇంట్లోనూ అలాంటివి చాలా జరిగేవని, అలా దిద్దేటప్పుడే తోచింది.

లేచేటప్పుడు ప్రతి ఇంట్లోనూ "వెళ్ళొస్తానమ్మా" అనేవాడు. లోపల్నుంచి "వెళ్ళిరండి" అని వినబడేది. మళ్ళీ పదేళ్ళ దాకా ఆ గుమ్మం ఎక్కే పని పడదని అతనికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. అయినా ఆ మాట అనకుండా మనిషిని గుమ్మం దాటించడం ఎవరికీ చేతకాదు.

సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తే ఇల్లు ఎక్కడిదక్కడే ఉండేది. అదే అతనికి నచ్చని సంగతి. భార్య ఉన్నప్పుడు పొద్దున చూసిన వస్తువు సాయంత్రానికి ఇంకోచోట ఉండేది, అతను అరిచేవాడు, ఆమె నవ్వుతూ తెచ్చి ఇచ్చేది. ఇప్పుడు టర్పెంటైన్ సీసా తను పెట్టిన చోటే ఉంటుంది. మంచం మీద ఇప్పటికీ గోడవైపే పడుకుంటాడు. ముందు లేచేది ఆమె కాబట్టి బయటివైపు ఆమెది. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అటు జరగలేదు. ఆమె కావాలనిపించేది. ఫలానా పనికని కాదు, ఊరికే ఆ గదిలో మెసులుతూ ఉంటే చాలనిపించేది. ఈ మాట ఎవరితో చెప్పుకోగలడు? చెప్పాల్సిన మనిషి గేటు అవతల ఉంది.

అసలు పోట్లాట అంటూ ఏదీ లేదు. మొదట్లో వెళ్ళి చూసొచ్చేవాడు. ముందుగదిలో కూర్చుని, టీ తాగి, వదినగారి కాలు ఎలా ఉందో అడిగి వచ్చేవాడు. ఎప్పుడొస్తావని అడిగితే, మంచాన పడ్డ మనిషిని వదిలి రమ్మన్నట్టుంటుందని మొహమాటం. ఆమే చెబుతుందిలే అనుకున్నాడు. ఆమె చెప్పలేదు. చెప్పనిదాన్ని మనమెందుకు అడగాలన్న పంతం ఎప్పుడు వచ్చి చేరిందో, ఆ తర్వాత వెళ్ళడమూ తగ్గింది. ఆ మధ్య కూరగాయల బజారులో ఎదురుపడితే "తిన్నారా?" అంది. "ఆఁ" అన్నాడు. మధ్యలో తోపుడుబండి అడ్డమొచ్చింది. అంతే.

వదినగారి వీధిలో అన్ని ఇళ్ళకీ నంబర్లు పడ్డాయి, ఆ ఒక్క ఇంటికి తప్ప. కుడివైపు నుంచి వచ్చి దాని ముందు ఆగి, ఎడమవైపుకి దాటిపోయాడు. రెండు రోజులు అలాగే నడిచింది. వీధి చివర టీకొట్టు ఆయన అన్నీ చూస్తూనే ఉన్నాడు. ఆ కొట్టు బోర్డు పెయింటరు రాసిందే, ఇప్పుడు అందులో 'టీ' మాత్రం మిగిలింది.

"ఏం పెయింటరు గారూ, ఆ ఇంట్లో కుక్కేమైనా ఉందా?" అన్నాడు టీకొట్టు ఆయన గ్లాసు అందిస్తూ.

"ఉంది. వదినగారు," అన్నాడు పెయింటరు.

టీకొట్టు ఆయన పడీపడీ నవ్వాడు. పెయింటరుకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు ఊపులోనే గ్లాసు పెట్టేసి, రంగు డబ్బా పట్టుకుని, వెళ్ళి ఆ గోడ తుడవడం మొదలుపెట్టాడు. నంబరు వేస్తున్నంతసేపూ లోపల మాటలు ఆగిపోయి ఉన్నాయని గమనించాడు. చివరి అంకె ఒంపు కొంచెం పక్కకి పోయింది. దిద్దలేదు.

తలుపు తీసే ఉంది. వదినగారు కిటికీ పక్క కుర్చీలో ఉంది, చేతికర్ర పక్కన పెట్టుకుని. అతని భార్య నేల మీద చాప వేసుకుని, చుట్టూ చొక్కాల మధ్య కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుంది. ఆమెకి కళ్ళజోడు వచ్చిన సంగతి అతనికి తెలియదు. ఆ కాస్త తెలియకపోవడం అతన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"నమస్కారమమ్మా, ఊరి లెక్క తీయడానికి వచ్చాను," అన్నాడు. అన్ని ఇళ్ళలోనూ అనీ అనీ అరిగిన మాట, నోటికి అదే వచ్చింది.

"విన్నావుటే! మీ ఆయన నిన్ను అమ్మా అంటున్నాడు," అంది వదినగారు.

"ప్రభుత్వం మనిషి కదక్కా, మర్యాద ఉంటుంది," అంది ఆమె తల ఎత్తకుండా. "కూర్చోండి సార్."

సార్ కూర్చున్నాడు. అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుని కలం తీశాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"మేమిద్దరం," అంది వదినగారు.

ఆ 'మేము'లో తను లేడు. ఉండడని తెలుసు. గడిలో రెండు వేశాడు.

"ఇంటి పెద్ద?"

"నేనే. ఇంకెవరున్నారు, నా కర్రా?"

ఆవిడ వివరాలయ్యాక రెండో మనిషి వంతు వచ్చింది. పేరు అడగలేదు, రాసేశాడు. బోర్డు రాసినంత శ్రద్ధగా రాశాడు. పక్క గడిలో ఇంటి పెద్దతో సంబంధం రాయాలి. 'చెల్లెలు' అని రాశాడు. భార్య అని రాయడానికి ఆ కాగితంలో ఎక్కడా చోటు లేదు.

"వయసు?"

"మీకంటే ఆరేళ్ళు తక్కువ. మీ వయసు మీకు గుర్తుంటే."

రాశాడు. తర్వాతి ప్రశ్నని ముందు మనసులో చదువుకున్నాడు. జవాబులు నాలుగూ చదివి వినిపించాలని మేడమ్ మరీ మరీ చెప్పింది.

"పెళ్ళి... కాలేదు, అయింది, భర్త పోయారు, విడిపోయారు. ఈ నాలుగింట్లో ఏది?"

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, సూదిని వెలుతురుకి ఎత్తి చూసింది. దారం మొదటిసారి ఎక్కలేదు. చివర తడిచేసి మళ్ళీ ఎక్కించింది. అతను ఎదురుచూశాడు. మూడేళ్ళుగా తెలుసుకోవాలనుకున్నది ఇదే, ఇన్ని వీధులు తిరిగింది ఇందుకే.

"అయింది," అంది.

"ఆ నాలుగోది ఇంకోసారి చదువు మరిదీ, సరిగ్గా వినబడలేదు," అంది వదినగారు.

"అక్కర్లేదండీ, రెండోదే చెప్పారు," అంటూ గబగబా గీత కొట్టాడు. ఆమె పెదవి చివర చిన్నగా కదిలింది. అతను చూశాడు.

కాగితం తిప్పాడు. వెనకవైపు మొదటి ప్రశ్న అతనికి ముందే తెలుసు. మిగతా ఇళ్ళలో గడగడా అడిగేసేవాడు. ఇక్కడ వేలు పెట్టి చూపించాడు, అడగలేక.

ఆమె వంగి చదివింది. ఎంతమంది పిల్లల్ని కన్నారు?

"ఒకరు," అంది.

దాని పక్కన ఇంకో గడి ఉంది, ఇప్పుడు ఉన్నవారు ఎందరని. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను సున్నా పెట్టాడు. వదినగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"రాశారా ఆ ఒక్కటీ?" అని అడిగింది ఆమె. "వాడు మూడు రోజులే ఉన్నాడు. ఏ లెక్కలోనూ పడలేదు. ఇందులోనైనా పడనివ్వండి."

"రాశాను," అన్నాడు. అట్టని ఆమె వైపు తిప్పి చూపించాడు. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి తీసింది.

అట్టని మళ్ళీ తన వైపు తిప్పుకుని, "ఏం పని చేస్తారు?" అన్నాడు. ఊరికే ఉంటానంటుందేమోనని భయపడ్డాడు.

"కాజాలు కుడతాను. ఈ వీధికి వచ్చే మూటలన్నీ నా చేతి మీదుగానే పంచుతారు. రాయండి."

రాశాడు. ఇంకొక్కటే మిగిలింది. "ఇంతకు ముందు ఎక్కడ ఉండేవారు?"

"గేటు అవతల."

"ఈ ఇంటికి వచ్చిన కారణం?"

"అక్క కాలు."

"ఇతర కారణాలు అని రాస్తాను," అని రాసి, కలానికి మూత పెట్టాడు. "అయిపోయిందండీ."

"వచ్చిన కారణం రాశారు," అంది ఆమె. "ఉండిపోయిన కారణం రాయరా?"

"ఆ ప్రశ్న లేదు ఇందులో."

"కాగితంలో లేకపోతే మీరు అడగరా?"

పెయింటరు అట్ట తీసి పక్కన పెట్టాడు. "చెప్పు," అన్నాడు.

"వెళ్ళమన్నారు. రమ్మనలేదు."

"నేనా? నేనెప్పుడన్నాను?"

"సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మీరు వాకిట్లో రేకు మీద ఎవరి పేరో రాస్తున్నారు. వెళ్ళొస్తానండీ అన్నాను. మీరు 'ఊఁ, వెళ్ళు' అన్నారు. వెళ్ళిరా అనలేదు. అలా ఎవరంటారండీ? పాలవాడికి కూడా వెళ్ళిరా అంటాం. పనిలో ఉన్నారులే అనుకుని వచ్చేశాను. పది రోజులకి అక్క లేచి కూర్చుంది. మీరొచ్చారు. ఇవాళ అంటారు రమ్మని, అనుకున్నా. టీ తాగారు, అక్క కాలు అడిగారు, వెళ్ళారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ అదే. మీరొచ్చిన ప్రతిసారీ నా సంచీ సర్దే ఉండేది."

"నేనూ చెప్పాను వెళ్ళవే అని," అంది వదినగారు. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు. "పిలవందే ఎలా వెళ్తానంటుంది. నువ్వేమో అడగవు. ఇదేమో చెప్పదు. మధ్యలో నా కాలు చెడ్డపేరు మోసింది."

పెయింటరు ఆ రోజుని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. రేకు గుర్తుంది. దాని మీద రాసిన అక్షరం కూడా గుర్తుంది. గుమ్మంలో నిలబడ్డ మనిషి మాత్రం గుర్తుకు రావడం లేదు. అంతకంటే సిగ్గుపడాల్సింది ఏముంటుంది?

"నోట్లో కుంచె ఉండుంటుంది," అన్నాడు నెమ్మదిగా. "పళ్ళ మధ్య కుంచె ఉంటే అంతకంటే మాట రాదు. వెళ్ళిరా అనే అనబోయి ఉంటాను."

ఆమె కళ్ళజోడు తీసి అతన్ని సూటిగా చూసింది.

"మూడేళ్ళూ నోట్లో కుంచే ఉందా?"

వదినగారి కర్ర జారి కింద పడింది. తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఏదో ఒక పని దొరికినందుకు సంతోషించాడు.

"ఇప్పుడు రమ్మంటే వస్తావా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"ఇప్పుడెలా వస్తాను? అక్క ఇంకా నా భుజం పట్టుకుంటే తప్ప మెట్టు దిగలేదు. మూటల పనీ ఇక్కడే. రాలేను."

"మరి ఇంక నేను అడగడమెందుకు?"

"రాలేకపోవడం వేరు, పిలవకపోవడం వేరు," అంది ఆమె. మళ్ళీ చొక్కా ఒళ్ళోకి లాక్కుంది. చివరి కాజా అయిపోయినట్టుంది. ముడి వేసి, దారం తెంపడానికి పళ్ళ మధ్య పట్టుకుంది.

పెయింటరు అట్ట, డబ్బా, కుంచెలు తీసుకున్నాడు. గుమ్మంలో నిలబడి, అలవాటుగా కాదు, ఆ మాట ఎంత బరువో ఇప్పుడే తెలిసిన మనిషిలా, "వెళ్ళొస్తాను," అన్నాడు.

ఆమె పళ్ళ మధ్య దారం ఉంది. ఊఁ అంటే సరిపోయేది. ఆమె దారం నోట్లోంచి తీసింది. సూదిని చొక్కాకి గుచ్చి, చొక్కా పక్కన పెట్టింది. అతని వైపు చూసి, అప్పుడు అంది.

"వెళ్ళిరండి."

మర్నాడు మిగిలిన వీధుల్లో పని నడుస్తూనే ఉంది కానీ మనసు నడవలేదు. రాలేనంది కదా, ఇక చెప్పేదేముంది అని ఒక పక్క. పెళ్ళి అయిందనే అంది కదా అని ఇంకో పక్క. మరి ఆ వెళ్ళిరండి సంగతేమిటి? ప్రతి గుమ్మంలోనూ విన్న మాటే కదా అది. అందరూ నోటితో అన్నారు, ఎవరూ మనసులో అనుకోలేదు. ఆమె మాత్రం అనుకుందని ఏమిటి నమ్మకం? ఆ మాటని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఒకటే మాట. అక్షరాలు రాసేవాడికి అక్షరాల్లో ఏమీ దొరకలేదు.

ఒక ఇంటి ముందు అంకె సరిచేస్తుంటే, ఆ ఇంటావిడ తలుపు దగ్గరకొచ్చి, "మంచినీళ్ళు తాగుతారా బాబూ?" అంది.

"ఊఁ," అన్నాడు, పళ్ళ మధ్య లావు కుంచెతో.

ఆవిడకి వినబడినట్టు లేదు, వెనక్కి తిరిగింది. ఆవిడ వీపు చూడగానే పెయింటరు గోడ వదిలి ఇటు తిరిగాడు. కుంచె నోట్లోంచి లాగేసి, "తాగుతానమ్మా, తెండి!" అని గట్టిగా అన్నాడు. అంత గట్టిగా అడగాల్సిన దాహమేమిటో అర్థంకాక ఆవిడ నవ్వుకుంటూ లోపలికెళ్ళింది.

చేతిలో కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దారం తీసి మరీ అంది. సూది గుచ్చి, చొక్కా పక్కన పెట్టి, నోరు ఖాళీ చేసుకుని మరీ అంది. తను రాలేనని చెప్పి, ఆ వెంటనే అతన్ని రమ్మంది. ఇన్నాళ్ళూ ఆమె ఎప్పుడొస్తుందా అని చూశాడే తప్ప, తను వెళ్ళి ఉండొచ్చన్న ఆలోచన అతనికి రానే లేదు. ఇల్లంటే తన ఇల్లే అనుకున్నాడు, అందులో ఏమీ కదలకపోయినా.

నీళ్ళు తెచ్చేసరికి అంకె మీద రంగు కిందికి జారింది. మళ్ళీ దిద్దాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం తన ఇంటికి వెళ్ళాడు. ఆఖరి ఇల్లు అదే. గోడ తుడిచి, గీత కొట్టి, నంబరు వేశాడు. లోపలికి వెళ్ళి మంచం మీద, బయటివైపు కూర్చున్నాడు. అట్ట తీశాడు. ఇంట్లో ఎంతమంది ఉంటారని తనని తానే అడిగి, జవాబు రాయకుండా అట్ట మూసేశాడు. బట్టలు ఒక సంచీలో పట్టాయి. కుంచెలు, రంగు డబ్బాలు ఇంకో సంచీలో. వస్తువులు మెల్లగా తెచ్చుకోవచ్చు. తాళం వేసి, జేబులోంచి సుద్దముక్క తీసి, తలుపు మీద 'తాళం' అని రాశాడు. ఇన్ని వీధుల్లో రాసిన మాటే. ఈసారి 'ళ'కి మళ్ళీ చక్కని పొట్ట వచ్చింది.

దారిలో కార్యాలయంలో కాగితాలు ఇచ్చేశాడు, వదినగారి ఇంటిది తప్ప. తాళం ఉన్న ఇళ్ళ కట్టలో పైన ఉన్న నంబరు చూసి మేడమ్ కనుబొమలెత్తింది.

"ఇది మీ ఇల్లు కదండీ? మీరున్నారుగా!"

"ఇవాళ్టి నుంచి అక్కడ ఉండనండీ. ఆరు నెలలు ఆగమంటారా?"

మేడమ్ అతని చేతిలో సంచీల వైపు చూసింది. "ఉండడానికే వెళ్తుంటే అక్కర్లేదు, ఆ ఇంట్లోనే రాయండి," అంది. "ఊళ్ళో ఒక ఇల్లు తగ్గింది. మనిషి తగ్గలేదు, నయం." వరండాలో రేకు ఇంకా ఖాళీగానే గోడకి ఆని ఉంది.

టీకొట్టు ఆయన సంచీలు చూసి ఏదో అనబోయి, ఏమనుకున్నాడో, చెయ్యెత్తి ఊరుకున్నాడు. వదినగారి తలుపు తీసే ఉంది.

"మళ్ళీ ఏం లెక్క మిగిలింది మరిదీ?" అంది ఆవిడ కుర్చీలోంచి.

"ఒకటి కలపాలి వదినా. ఇంటి పెద్ద మీరు కదా, మీరు చెబితే కలుపుతాను."

వదినగారు అతన్నీ, సంచీలనీ, చాప మీద సూది ఆపి కూర్చున్న చెల్లెల్నీ మార్చి మార్చి చూసింది. "ఏమని రాస్తావు?"

"మరిది అని."

"మగాడు పెళ్ళాం ఇంట్లో మరిదిగా చేరడం ఇదే చూడటం," అంది ఆవిడ. నవ్వుదామనుకుంది కానీ కొంగుతో కళ్ళు ఒత్తుకోవాల్సి వచ్చింది. "రాసుకో. మనం ముగ్గురం."

ఆమె సూదిని చొక్కాకి గుచ్చింది. లేచి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, అతని చేతిలోంచి బట్టల సంచీ తీసుకుంది. ఎంత తేలిగ్గా ఉందో చూసి ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది.

"వెళ్ళొస్తానన్నాను కదా," అన్నాడు పెయింటరు. "వచ్చాను."

ఆమె రెండో సంచీలోంచి పైకి కనబడుతున్న కుంచెల వైపు చూసింది.

"అవి అరుగు మీద పెట్టేసి," అంది, "లోపలికి రండి."